వేటకెళ్లి కాపలాదారయ్యాడు

వేసవి చివరికొచ్చేసరికి అమెరికా పశ్చిమ రాష్ట్రాల కన్‌స్ట్రక్షన్ సైట్లలో ఒకటే ముచ్చట. ఎవరికి ట్యాగ్ వచ్చింది, ఎవరికి రాలేదు, ఎవరు ఎన్ని రోజులు లీవు పెడుతున్నారు అని. ట్యాగ్ అంటే ఫలానా చోట, ఫలానా తేదీల మధ్య, ఫలానా జంతువుని ఒక్కదాన్ని వేటాడుకోవచ్చని ప్రభుత్వం డబ్బు కట్టించుకుని ఇచ్చే చీటీ. మ్యూల్ డీర్ అనే దుప్పికి, ఇక్కడివాళ్లు యాంటిలోప్ అని పిలిచే ప్రాంగ్‌హార్న్‌కి పోటీ ఎక్కువ. మొదటిసారి వెళ్లేవాళ్లయితే ఏడాది ముందు నుంచే లెక్కలు వేసుకుంటారు.

మనవాళ్లకి ఇది వింతగానే ఉంటుంది. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట పెద్ద నేరం. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువైన కృష్ణజింక మీద చెయ్యి వేస్తే జైలే. మరి ఇక్కడ చీటీ ఇచ్చి మరీ వేటాడుకోమంటారేమిటి? అయినా జంతువులు ఇంకా ఎలా మిగిలాయి?

ఈ ప్రశ్నకి జవాబు చాలావరకు ఒక మనిషి జీవితంలో దొరుకుతుంది. ఆయనే అమెరికా 26వ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్. ఇరవై నాలుగేళ్ల వయసులో మొదటిసారి పశ్చిమానికి వేటకు బయల్దేరిన పట్నం కుర్రాడు ఆయన. ఆ ప్రయాణంలో ఏం జరిగిందో తెలుసుకుంటే ఇప్పటి చీటీల సంగతి కూడా అర్థమవుతుంది.

ఆయాసంతో పెరిగిన పిల్లాడు

రూజ్‌వెల్ట్ 1858 అక్టోబర్ 27న న్యూయార్క్‌లో కలవారి ఇంట్లో పుట్టారు. డబ్బుంది గానీ ఆరోగ్యం లేదు. చిన్నప్పటి నుంచి ఉబ్బసం. రాత్రిళ్లు ఊపిరాడక కూర్చునే నిద్రపోయేవారు. తండ్రి ఇంట్లోనే వ్యాయామశాల కట్టించి, ఒళ్లు గట్టిపరుచుకోమని చెప్పారు. పిల్లాడు ఆ మాట పట్టుకున్నాడు.

చేతికి తుపాకీ వచ్చాక ఇంకో సంగతి బయటపడింది. తోటి పిల్లలు కొడుతున్న పిట్టలు ఈయనకి అసలు కనపడటమే లేదు. చూపు మందం. కళ్లద్దాలు పెట్టాక గానీ లోకం ఇంత స్పష్టంగా ఉంటుందని తెలియలేదు. పిట్టల్ని సేకరించడం, తోళ్లు ఒలిచి భద్రం చెయ్యడం, కొలతలు రాసుకోవడం చిన్నతనంలోనే అబ్బిన అలవాట్లు. వేట ఆయనకి సరదా ఒక్కటే కాదు, చదువు కూడా.

1880లో హార్వర్డ్‌లో డిగ్రీ తీసుకున్నారు. అదే ఏడాది ఆలిస్ లీ అనే అమ్మాయిని పెళ్లాడారు. 23 ఏళ్లకే న్యూయార్క్ రాష్ట్ర శాసనసభకి ఎన్నికయ్యారు.

ప్లాన్ ఒకటి, జరిగింది ఒకటి

1883లో గోరింజ్ అనే మాజీ నౌకాదళ అధికారి పరిచయమయ్యారు. ఈజిప్టు నుంచి సుమారు 200 టన్నుల రాతి స్తంభాన్ని ఓడలో తెచ్చి న్యూయార్క్ సెంట్రల్ పార్కులో నిలబెట్టిన మనిషి ఈయనే. సైట్లలో క్రేన్లతో పనిచేసేవాళ్లకి ఆ పని ఎంతటిదో వేరే చెప్పక్కర్లేదు. ఆయనకి డకోటాలో లిటిల్ మిస్సోరి నది ఒడ్డున వేటగాళ్ల వసతి పెట్టే ఆలోచన ఉంది. ఇద్దరూ కలిసి వెళదామనుకున్నారు. తీరా బయల్దేరే సమయానికి గోరింజ్ రాలేనన్నారు. రూజ్‌వెల్ట్ ఆగలేదు. ఇంట్లో భార్య గర్భవతి. అయినా ఒంటరిగా రైలెక్కేశారు.

షికాగో, సెయింట్ పాల్ మీదుగా నార్తర్న్ పసిఫిక్ రైలులో వెళ్లి, 1883 సెప్టెంబర్ 8న తెల్లవారుజామున చీకట్లో లిటిల్ మిస్సోరిలో దిగారు. విచిత్రం ఏమిటంటే సరిగ్గా అదే రోజు మోంటానాలో గోల్డ్ క్రీక్ దగ్గర ఆ రైలు మార్గం చివరి మేకు కొట్టే ఉత్సవం జరిగింది. తూర్పు నుంచి, పడమర నుంచి వేసుకొచ్చిన పట్టాలు అక్కడ కలిశాయి. ఆ పట్టాలే రూజ్‌వెల్ట్‌ని వేటకు తెచ్చాయి. ఆయన వేటాడాలని వచ్చిన జంతువుల్ని ఖాళీ చేయించడంలోనూ వాటికి పెద్ద చెయ్యే ఉంది.

ఆయన వచ్చింది ముఖ్యంగా బైసన్ కోసం. మన అడవిదున్నని తలపించే భారీ జంతువు అది. ఒకప్పుడు ఆ మైదానాల్లో కోట్లలో ఉండేవి. రైలు వచ్చాక తోళ్ల వ్యాపారులు వచ్చారు. ఫ్యాక్టరీల్లో మిషన్లు తిప్పే బెల్టులకి ఆ తోలు బాగా పనికొచ్చేది. తోలు తీసుకుని మాంసం ఎండకీ వానకీ వదిలేశారు. రూజ్‌వెల్ట్ దిగేసరికి ఆ ప్రాంతంలో ఆఖరి మందలు కూడా దాదాపు అయిపోయాయి.

వాన, బురద, జో ఫెర్రిస్

దారి చూపడానికి జో ఫెర్రిస్ అనే అతను కుదిరాడు. కెనడా నుంచి పని వెతుక్కుంటూ వచ్చినవాడు. ఒకరకంగా మనలాంటి వలస కూలీయే. కళ్లద్దాలు పెట్టుకున్న ఈ పట్నం బాబుని చూసి అతనికి నమ్మకం కుదరలేదు. ముక్కూమొహం తెలియనివాడికి గుర్రం అద్దెకివ్వడానికి కూడా అక్కడివాళ్లు వెనకాడారు. రూజ్‌వెల్ట్ వాదన పెట్టుకోకుండా ఒక ఆడగుర్రాన్ని రొక్కం ఇచ్చి కొనేశారు.

గ్రెగర్ లాంగ్ అనే స్కాట్లాండ్ ఆయన గుడిసెలో మకాం. వరసగా రోజుల తరబడి వాన. బంకమట్టి గుట్టలు సబ్బులా జారుతున్నాయి. వాన తగ్గేదాకా ఆగుదామని జో చెప్పినా రూజ్‌వెల్ట్ వినలేదు. ఒక మ్యూల్ డీర్ పోతు దొరికితే గురి తప్పారు. దాన్ని జో కొట్టాడు. ఇంకోరోజు గాయపడిన బైసన్ వెంట పడితే గుర్రం తల విసిరింది. రైఫిల్ ఎగిరి నుదుటికి తగిలి రక్తం కారింది. ఒక రాత్రి జీనులు తలకింద పెట్టుకుని, గుర్రాల్ని వాటికే కట్టేసి పడుకుంటే, గుర్రాలు బెదిరి తలకింది జీనులతో సహా పరుగెత్తాయి. వెతికి తెచ్చుకుని మళ్లీ నడుం వాల్చితే వాన మొదలై, మెలకువ వచ్చేసరికి నీళ్లలో ఉన్నారు.

ఇన్ని జరిగినా ఆయన మొహంలో విసుగు లేదు. రోజంతా తిరిగి వచ్చి, జో గుర్రుపెట్టి నిద్రపోతుంటే, లాంగ్‌తో కూర్చుని అర్ధరాత్రి దాకా పశువుల పెంపకం గురించి అడిగేవారు. చివరికి ఒక బైసన్ దొరికింది. ఆనందం పట్టలేక దాని చుట్టూ గంతులేసి, జో చేతిలో 100 డాలర్లు పెట్టారు. ఊరికి తిరిగెళ్లే ముందే మాల్టీస్ క్రాస్ అనే పశువుల క్షేత్రంలో 14,000 డాలర్లు పెట్టుబడి పెట్టారు. వేటకని వచ్చినవాడు అక్కడ ఆసామి అయ్యాడన్నమాట.

ఒకే ఇంట్లో రెండు చావులు

1884 ఫిబ్రవరి 12న కూతురు పుట్టింది. రెండు రోజులకే, ఫిబ్రవరి 14న, ఒకే ఇంట్లో తల్లీ భార్యా ఇద్దరూ చనిపోయారు. ఆ దెబ్బకి మనిషి కుదేలైపోయారు. పసిపిల్లని అక్క చేతిలో పెట్టి ఆ వేసవిలో డకోటా వెళ్లిపోయారు. ఇంటికి దూరంగా పనిలో పడి బాధ దిగమింగడం అంటే ఏమిటో మనలో చాలామందికి తెలుసు.

ఆ రోజుల్లోనే గుర్రమెక్కి ఒంటరిగా మైదానం మీద ప్రాంగ్‌హార్న్ వేటకి వెళ్లారు. దీన్ని యాంటిలోప్ అంటారే గానీ నిజానికి మన కృష్ణజింక కుటుంబానికి చెందింది కాదు. గంటకి 80 కిలోమీటర్లు దాటి పరుగెత్తగలదు. చాలా దూరం నుంచే మనిషిని కనిపెడుతుంది. అయితే తెలియని వస్తువు కదిలితే అదేమిటో చూడాలన్న కుతూహలం ఎక్కువ. అందుకే పాత వేటగాళ్లు గుడ్డ ఊపి దగ్గరికి రప్పించేవాళ్లు. మ్యూల్ డీర్ తీరు వేరు. కంచరగాడిద చెవుల్లాంటి పెద్ద చెవులతో గుట్టల మధ్య మసలుతుంది. దానికి ఓపిగ్గా నడవాలి. ఈ రెండింటి నడవడి, దారులు, కాలాలు అన్నీ రూజ్‌వెల్ట్ రాసిపెట్టుకున్నారు. అవే 1885లో పుస్తకమయ్యాయి.

మంచు నేర్పిన లెక్క

1886-87 చలికాలం ఆ ప్రాంతాన్ని ఊడ్చేసింది. అప్పటికే లెక్కకు మించి పశువుల్ని తోలడంతో గడ్డి అయిపోయింది. ఆపైన మంచు. పశువులు వేలకు వేలు నిలబడ్డచోటే చచ్చాయి. రూజ్‌వెల్ట్ మందలో సగానికి పైగా పోయింది. మొత్తం 80,000 డాలర్లకు పైగా పెట్టిన పెట్టుబడిలో పెద్ద భాగం మునిగింది.

డబ్బు పోయింది గానీ ఒక సంగతి కళ్లారా చూశారు. నేలకి ఒక లెక్క ఉంటుంది. లెక్క దాటి తీస్తే మిగలదు. బైసన్ అలాగే పోయింది, గడ్డి అలాగే పోయింది. దుప్పులు, ప్రాంగ్‌హార్న్‌ల వంతు వస్తోంది.

1887 డిసెంబర్‌లో జార్జ్ బర్డ్ గ్రిన్నెల్ అనే సంపాదకుడితో కలిసి బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ పెట్టారు. వేటగాళ్లే వేటకి హద్దులు పెట్టాలన్నది వాళ్ల ఉద్దేశం. నీళ్లలో ఈదుతున్న దుప్పిని పడవలోంచి కొట్టకూడదు, రాత్రి దీపం చూపించి కొట్టకూడదు వంటి మర్యాదలు తెచ్చారు. ఎల్లోస్టోన్ పార్కులో దొంగవేటని శిక్షించే 1894 చట్టం వెనక ఈ క్లబ్ కృషి ఉంది.

1901 సెప్టెంబర్‌లో అధ్యక్షుడు మెకిన్లీ హత్య జరగడంతో రూజ్‌వెల్ట్ ఆ కుర్చీలోకి వచ్చారు. 1902లో మిసిసిపీలో కట్టేసి ఉన్న ఎలుగుబంటిని కాల్చనన్నారు. పిల్లలు ఆడుకునే టెడ్డీ బేర్ పేరు అక్కడిదే. 1909లో దిగిపోయేలోపు 150 జాతీయ అడవులు, 51 పక్షి సంరక్షణ కేంద్రాలు, 5 జాతీయ పార్కులు ఆయన హయాంలో ఏర్పడ్డాయి. అన్నీ కలిపితే దాదాపు 23 కోట్ల ఎకరాలు. ఈ రోజు ఒక సామాన్య కార్మికుడు జమీందారు అనుమతి లేకుండా వెళ్లి వేటాడగలిగే నేలలో చాలా భాగం ఆ జాతీయ అడవులే.

మచ్చలు కూడా చెప్పుకోవాలి

ఆయన్ని దేవుణ్ణి చెయ్యక్కర్లేదు. ఆ మైదానాలు అంతకు ముందు మూలవాసులవి. బైసన్ మీదే వాళ్ల తిండి, బట్ట, గుడారం అన్నీ ఆధారపడేవి. బైసన్ పోవడంతో వాళ్ల బతుకు కూలిపోయింది. వాళ్ల గురించి రూజ్‌వెల్ట్ చిన్నచూపుతో రాసినవి, మాట్లాడినవి ఉన్నాయి. పదవి దిగాక 1909-10లో ఆఫ్రికా వెళ్లి కొడుకుతో కలిసి 500కు పైగా జంతువుల్ని కాల్చారు. మ్యూజియం కోసమని చెప్పినా ఆ లెక్క ఎక్కువే అన్నవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు.

ఇప్పుడు వెళ్లాలంటే

ప్రాంగ్‌హార్న్‌లు 20వ శతాబ్దం మొదట్లో 30,000 లోపుకి పడిపోయి, ఇప్పుడు మళ్లీ లక్షల్లో ఉన్నాయి. మ్యూల్ డీర్ మాత్రం చాలాచోట్ల ఈమధ్య తగ్గుతున్నాయి కాబట్టి ట్యాగులూ తగ్గిస్తున్నారు. 1937 చట్టం ప్రకారం తుపాకులు, తూటాల మీద వేసే పన్ను వన్యప్రాణుల సంరక్షణకి రాష్ట్రాలకి వెళుతుంది. చీటీ డబ్బూ అంతే. తీసుకునేవాడే కాపాడటానికి కట్టాలన్న పద్ధతి ఇది.

తోటి పనివాళ్లతో వెళ్లాలని సరదా పడే మనవాళ్లు కొన్ని సంగతులు గుర్తుంచుకోండి. చాలా ట్యాగులకి నెలల ముందే దరఖాస్తు పెట్టాలి, లాటరీలో రావాలి. వయోమిం‍గ్ వంటి రాష్ట్రాల్లో రానివాళ్లకి పాయింట్లు పోగవుతాయి. వేట భద్రత శిక్షణ సర్టిఫికెట్ ముందే తీసుకోండి. వీసా మీద ఉన్నవాళ్లకి తుపాకీ పట్టుకోవడంపై ఫెడరల్ చట్టం గట్టిగా ఉంది. ఆ రాష్ట్ర వన్యప్రాణి శాఖని, తెలిసిన లాయర్ని అడగకుండా ముట్టుకోవద్దు. దుప్పులకి మెదడు జబ్బు వ్యాపించిన ప్రాంతాలు ఉన్నాయి. అక్కడ మాంసం తినేముందు పరీక్ష చేయించండి. కంచె దాటేముందు అది ఎవరి నేలో మ్యాపులో చూసుకోండి. ఆ చోటు తెలిసినవాళ్లని వెంట పెట్టుకోండి. రూజ్‌వెల్ట్‌ వెంట కూడా జో ఫెర్రిస్ ఉండబట్టే వేట దక్కింది.

తుపాకీ వద్దనుకుంటే కెమెరాతో వెళ్లినా చాలు. రూజ్‌వెల్ట్ 1919 జనవరి 6న కన్నుమూశారు. ఆయన వాన తడిసిన ఆ బంకమట్టి గుట్టలే నార్త్ డకోటాలో ఆయన పేరుతో జాతీయ పార్కు అయ్యాయి. ఆయన వెళ్లిన ఏడు కనుమరుగవుతున్న బైసన్‌ని 1956లో అక్కడికి మళ్లీ తెచ్చి వదిలారు. ఇప్పుడు రోడ్డు పక్కనే మందలుగా మేస్తుంటాయి. మ్యూల్ డీర్, ప్రాంగ్‌హార్న్ కూడా కనపడతాయి. ఒక లాంగ్ వీకెండ్ కలిసొస్తే పిల్లల్ని తీసుకెళ్లి చూపించి రండి.