సికింద్రాబాదు ఆస్పత్రిలో రోనాల్డ్ రాస్

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలలో పుట్టి పెరిగినవారికి మన్యపు జ్వరాన్ని గూర్చి వేరుగా చెప్పనక్కరలేదు. సీతంపేట, పార్వతీపురం కొండల దిక్కుకు బదిలీ అయిందంటే ఇంటిల్లిపాదీ బెంగపడిన రోజులను మన పెద్దలెరుగుదురు. ఈ జ్వరానికి చెడుగాలి కారణమని లోకం శతాబ్దాల తరబడి నమ్మింది. ఆ నమ్మకాన్ని పోగొట్టిన పరిశోధన ఏ మహానగరపు ప్రయోగశాలలోనో కాక, తెలుగుగడ్డపై ఒక పటాలపు ఆస్పత్రిలో జరిగింది. ఆ వైద్యుని జీవితాన్ని విద్యార్థులకు పరిచయం చేయదలచాము.

రోనాల్డ్ రాస్ 1857 మే 13న హిమాలయ ప్రాంతంలోని అల్మోరాలో జన్మించారు. తండ్రి సైన్యాధికారి. కుమారునికి కవిత్వం, చిత్రలేఖనం, గణితం మీద ఉన్న మక్కువ వైద్యం మీద లేదు. తండ్రి కోరిక మేరకు లండనులో వైద్యం చదివి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరారు.

ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ 1880లోనే అల్జీరియాలో రోగి రక్తంలో మలేరియా క్రిమిని కనుగొన్నారు. రాస్ ఎంత వెదకినా అది కనబడలేదు. అటువంటిది లేదనే నిశ్చయానికి వచ్చారు. 1894లో సెలవుపై లండను వెళ్ళినపుడు పాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడు ఆయనకు సూక్ష్మదర్శినిలో ఆ క్రిమిని చూపించారు. ఈ ఘట్టం చిన్నదిగా తోచవచ్చు. మా దృష్టిలో రాస్ జీవితానికి ఇదే మలుపు. ఆయనకు తెలివికి లోటు లేదు, రోగులకు కొరత లేదు. కొరవడినది ఎలా చూడాలో నేర్పే గురువు మాత్రమే. దోమపై దృష్టి మళ్ళించినదీ మాన్సనే. తరువాత ఇద్దరి నడుమ వందకు పైగా ఉత్తరాలు నడిచాయి. సముద్రాల కావలి నుండి సాగిన పాఠాలవి.

అయితే గురువు ఊహలో సగం తప్పు. దోమ చచ్చిన నీటిని త్రాగినవారికి జ్వరం వస్తుందని మాన్సన్ తలచారు. 1895లో సికింద్రాబాదు చేరిన రాస్, అట్టి నీటిని మనుషులచేత త్రాగించి చూశారు. నేటి వైద్యనీతి దీనిని అంగీకరించదు, మేమూ సమర్థించము.

రెండేళ్ళు కోసిన దోమలన్నీ వేరే జాతివి. పంకా వేస్తే కోసిన దోమ ఎగిరిపోతుందని, ఉక్కలోనే కూర్చునేవారు. చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టాయి. 1897 ఆగస్టులో మచ్చల రెక్కల దోమలు దొరికాయి. 16వ తేదీన హుస్సేన్ ఖాన్ అనే రోగిని దోమతెరలో పడుకోబెట్టి వాటిని కుట్టనిచ్చారు. దోమకొక అణా చొప్పున పది అణాలు ముట్టజెప్పారు. 20వ తేదీన ఆ దోమలలో ఒకదాని కడుపు గోడలో, మలేరియా క్రిమిలో ఉండే నల్లని రేణువులే కనిపించాయి.

మరుసటి నెలలోనే ప్రభుత్వం ఆయనను రాజపుటానాలోని ఖేర్వాడాకు బదిలీ చేసింది! మిగిలిన పని 1898లో కలకత్తాలో, మహమ్మద్ బక్ష్ అనే సహాయకుని తోడుతో, పక్షుల మలేరియాపై పూర్తయింది. క్రిమి దోమ లాలాజల గ్రంథులను చేరి, కాటు ద్వారా వ్యాపిస్తుందని తేలింది. మనుషుల విషయంలో దానిని నిరూపించినది గ్రాస్సీ మొదలైన ఇటలీ శాస్త్రజ్ఞులు. గ్రాస్సీతో రాస్ సాగించిన కలహం ఆయనకు శోభనివ్వలేదు. 1902లో నోబెల్ బహుమతి రాస్ ఒక్కరికే వచ్చింది.

మన కొండవాగులలో పెరిగే మలేరియా దోమ వేరు, పట్టణపు బావులలో పెరిగేది వేరు. ఆ తేడా అక్కడి ఆస్పత్రిలో రోజూ రోగులను చూసేవాడికే ముందు తట్టాలి. అతనికి చూడడం నేర్పినవారెవరన్నదే ప్రశ్న. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకు మందుల పెట్టెతోపాటు ఒక మాన్సన్‌ను కూడ ఇవ్వవలెనని మా మనవి.

రాస్ 1932 సెప్టెంబరు 16న లండనులో కన్నుమూశారు. బేగంపేటలో ఆయన పనిచేసిన భవనం ఆయన పేరనే నిలిచి ఉంది. ఏటా ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా పాటిస్తారు. హుస్సేన్ ఖాన్ పది అణాలు పుచ్చుకున్నది దానికి నాలుగు రోజుల ముందు.