హరికథా పితామహుడు

విజయనగరమునకు సమీపమున, చంపావతీ నదీతీరమున నెల్లిమర్ల యను ఊరు కలదు. దానికి చేరువనే రామతీర్థ క్షేత్రము వెలసియున్నది. ఈ ప్రాంతపు పల్లెలలో శ్రీరామనవమికి పందిళ్లు వేసి హరికథలు చెప్పించుట పెద్దలనాటి ఆచారము. కాళ్లకు గజ్జెలు, చేత చిరుతలు, మెడలో పూలహారము ధరించి, కథకు డొక్కడే నిలిచి పాడును, ఆడును, పద్యమునకు అర్థము చెప్పును, నడుమ నొక పిట్టకథతో నవ్వించును. తెలుగునాట ఈ కళకు ఘనతను గూర్చి, హరికథా పితామహు డని పేరొందిన మహనీయుడు ఆదిభట్ల నారాయణదాసు.

ఈయన 1864వ సంవత్సరము ఆగస్టు 31వ తేదీన, బలిజిపేటకు సమీపమునగల అజ్జాడ గ్రామమున జన్మించెను. తల్లిదండ్రులు పెట్టిన పేరు సూర్యనారాయణ. చదువుట నేర్వకమునుపే ఆ బాలుడు భాగవత పద్యములను విని కంఠస్థము చేసెను. ఒకనాడు పుస్తకముల అంగడిలో భాగవతము కొనిపెట్టుమని తల్లి నడుగగా వర్తకుడు నవ్వెననియు, బాలుడు ధారాళముగా పద్యములు చదువగా విని సంతోషించి ఆ గ్రంథమును ఊరకయే ఇచ్చెననియు పెద్దలు చెప్పుదురు.

పిమ్మట బొబ్బిలిలో వీణావిద్వాంసుడగు వాసా సాంబయ్యకడ కొంతకాలము సంగీత మభ్యసించి, విజయనగరము చేరి ఇంగ్లీషు చదువులో ప్రవేశించెను. 1883వ సంవత్సరమున చెన్నపట్టణపు కథకుడు కుప్పుస్వామి నాయుడు అచ్చట హరికథ చెప్పెను. ఇరువది యేండ్లైనను నిండని నారాయణదాసు దానిని వినెను. గానము, కవిత్వము, నృత్యము, హాస్యము ఒక్కనియందే కూడియుండుట చూచి, తన త్రోవ యిదియే యని నిశ్చయించుకొనెను. ఆ యేడాదియే ధ్రువచరిత్రమును స్వయముగా రచించి గానము చేసెను.

ఆ నిశ్చయము సామాన్యమైనది కాదు. ఇంగ్లీషు నేర్చినవారికి కొలువు దొరకుట సులభమైన కాలమది. పండిత వంశమున పుట్టినవాడు కాలికి గజ్జె కట్టి నలుగురిలో ఆడుట తగదని తలంచువారును ఆనాడు కలరు. భగవత్కథలో హాస్యము కలిపినచో కథ చులకన యగునని శంకించువారికిని కొదువలేదు. నారాయణదాసుగారు ఆ శంకకు వాదముతో గాక విద్యతో సమాధానము చెప్పిరి.

గంభీరమైన ఘట్టములే వరుసగా వచ్చినచో శ్రోత అలసిపోవును. ఒక చమత్కారముతో మనస్సు తేలికపడినవెనుక, తరువాతి పద్యము సూటిగా హృదయమును తాకును. కావున దాసుగారి కథలలో హాస్యము భక్తికి అడ్డు కాలేదు, త్రోవ చూపినది. అమెరికాలోను ఇట్టివా డొకడు కలడు. జాజ్ సంగీతమున ప్రసిద్ధుడైన ఫాట్స్ వాలర్ (1904–1943) పియానో వాయించుచు, పాడుచు, నడుమ నడుమ జనులను నవ్వించెడివాడు. ఆ నవ్వుల వెనుక ఎంతో సాధన యుండెను. దేశములు వేఱైనను కళాధర్మ మొక్కటియే.

దాసుగారి సాధన అసామాన్యము. రెండు చేతులు, రెండు పాదములు, శిరస్సు—ఈ యైదింటితో ఐదు వేర్వేరు తాళములను ఏకకాలమున వేయుచు పాడెడివారు. అందుచే వారికి పంచముఖీ పరమేశ్వరు డను బిరుదు కలిగెను. దశవిధరాగ నవతి కుసుమ మంజరి యను ఒక్క రచనలోనే తొంబది రాగములను కూర్చిరి. ప్రహ్లాదచరిత్రము, అంబరీషచరిత్రము, రుక్మిణీకల్యాణము మొదలగు హరికథలను రచించిరి. షేక్స్పియరు, కాళిదాసుల నాటకములనుండి తొమ్మిది రసములకు ఉదాహరణములు ఏర్చి, నవరసతరంగిణిని తెలుగున వ్రాసిరి. పారసీక కవి ఉమర్ ఖయ్యాము రుబాయీలను సంస్కృతమునకును, అచ్చతెనుగునకును అనువదించి 1932లో ప్రకటించిరి.

1919లో మహారాజు విజయరామ గజపతి విజయనగరమున సంగీత పాఠశాలను నెలకొల్పి, దానికి దాసుగారిని ప్రథమాధ్యక్షునిగా నియమించెను. 1936లో ఆ పదవి ఫిడేలు విద్వాంసుడు ద్వారం వేంకటస్వామి నాయుడు గారికి సంక్రమించెను. ఆ పాఠశాల నేడు సంగీత నృత్య కళాశాలగా నడచుచున్నది.

ముప్పదవ యేటివరకు తాను గడపిన జీవితమును దాసుగారు నా యెఱుక యను గ్రంథమున వ్రాసికొనిరి. అందు తమ లోపములను దాచలేదు. లోకమును నవ్వించినవారు తమ్ము చూచి తామును నవ్వుకొనగలిగిరి. 1945వ సంవత్సరము జనవరి 2వ తేదీన వారు పరమపదించిరి.

బాలలారా! నలుగురిని నవ్వించుట తేలిక పనియని తలంపకుడు. నవ్వినవారు ఇంటికి పోయిన పిమ్మట తలచుకొనదగిన మంచి యొకటి వారి మనస్సున నిలుపవలెను. అందులకు విద్య కావలెను, సాధన కావలెను. ఈసారి మీ ఊరి పందిరిలో చిరుతల చప్పుడు వినబడినప్పుడు, అజ్జాడలో పుట్టిన ఆ బాలుని ఒక్కమారు స్మరింపుడు.