సమాన బరిని సిద్ధం చేసిన కరివర్ధన్



గెలవాలని కోరుకోవడం తప్పు కాదు. అయితే ఆ గెలుపు ఎలా వచ్చిందన్నది కూడా అంతే ముఖ్యం. నందిగామ, జగ్గయ్యపేట మెట్ట ప్రాంతంలో ఎడ్ల బండలాగుడు పోటీలు చూసినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. పాలపళ్ల గిత్తలను ఆరుపళ్ల ఎడ్లతో పోటీకి దించరు. ఒక విభాగంలో అందరికీ ఒకే బండ, ఒకే గడువు. ఇదే ధర్మాన్ని మన దేశపు కారు పందేలలో నిలబెట్టిన వ్యక్తి సుందరం కరివర్ధన్.

ఆయన 1954లో జన్మించారు. తరతరాల క్రితం కోయంబత్తూరు ప్రాంతంలో స్థిరపడిన తెలుగు కుటుంబం వారిది. 1910లో ప్రారంభమైన లక్ష్మీ మిల్స్ ఆ కుటుంబానిదే. కలిగిన ఇంట పుట్టినా ఆయన మనసు యంత్రాల మీదనే నిలిచింది. కార్లు నడపడంతో తృప్తి పడక, వాటిని విప్పి, మార్చి, స్వయంగా తయారుచేయడం నేర్చుకున్నారు.

ఆ రోజుల్లో మద్రాసు దగ్గరి షోలవరం పాత విమానాశ్రయంలో కారు పందేలు జరిగేవి. విదేశాల నుంచి రేసు కార్లు తెప్పించుకోగల శ్రీమంతులకు అక్కడ ఎదురుండేది కాదు. నేర్పు ఉన్నా డబ్బు లేని యువకుడు వెనుకనే ఉండిపోవలసి వచ్చేది. అది మనిషికీ మనిషికీ మధ్య పోటీ కాదు, సంచికీ సంచికీ మధ్య పోటీ.

కరివర్ధన్ కూడా డబ్బు వెదజల్లి తానొక్కరే గెలుస్తూ ఉండవచ్చు. ఆయన ఆ దారిన పోలేదు. 1980ల చివర్లో మారుతి 800 కారు ఇంజను అమర్చి, ఒక్కరే కూర్చునే చిన్న రేసు కారును రూపొందించారు. దాని పేరు ఫార్ములా మారుతి. ధర తక్కువ, ఇంజను మన వీధిలో తిరిగే కారుదే. అందరి కారూ ఒకటే కనుక తేడా తేలవలసింది నడిపేవాడి చేతిలోనే. కోయంబత్తూరు కుర్రవాడు నారాయణ్ కార్తికేయన్ తొలి అడుగులు వేసింది ఆ కారులోనే. 2005లో అతడు ఫార్ములా వన్‌లో పాల్గొన్న మొదటి భారతీయుడయ్యాడు. ఆ రోజు చూడటానికి కరివర్ధన్ లేరు. 1995లో, నలభై దాటిన కొద్దికాలానికే, విమాన ప్రమాదంలో ఆయన కన్నుమూశారు. కోయంబత్తూరు దగ్గర 2003లో ప్రారంభమైన కారి మోటార్ స్పీడ్‌వేకు ఆయన పేరే పెట్టారు.

ఆ ట్రాక్ మీద గో-కార్ట్ పందేలు కూడా జరుగుతుంటాయి. బడి పిల్లలు పాల్గొనే ఈ ఆటలోనూ వయసును బట్టి విభాగాలుంటాయి. పందెం ముగియగానే కార్టునూ, నడిపిన బిడ్డనూ కలిపి తూస్తారు. నిర్ణీత బరువు కంటే తగ్గితే గెలుపు చెల్లదు. అందుకే బక్కపలచని పిల్లలు సీసపు దిమ్మలు బిగించుకుని దిగుతారు. ఎవరూ లోపల మార్పులు చేయకుండా కొన్ని విభాగాల్లో ఇంజన్లకు సీలు వేస్తారు. పసుపు జెండా ఊపితే ముందువాడిని దాటరాదు. ఢీకొట్టి తోసినవాడికి శిక్షగా కాలం కలుపుతారు.

అయినా నియమాలు అన్నిటినీ కాపాడలేవు. 1958లో పోర్చుగల్ పందెంలో మైక్ హాథార్న్ తప్పు దిశలో నడిపాడని ఆరోపణ వచ్చింది. అతడి ప్రత్యర్థి స్టిర్లింగ్ మాస్ స్వయంగా అధికారుల ముందుకు వెళ్లి, అతడు నడిపింది పక్కనున్న కాలిబాట మీదనే గాని ట్రాక్ మీద కాదని సాక్ష్యమిచ్చాడు. హాథార్న్ పాయింట్లు నిలిచాయి. ఆ ఏడాది ప్రపంచ విజేత పదవి మాస్‌కు ఒక్క పాయింటు తేడాతో తప్పిపోయి హాథార్న్‌కే దక్కింది. మాస్ జీవితాంతం ఆ బిరుదు పొందలేదు. ఆయన గౌరవం మాత్రం తరగలేదు.

తల్లిదండ్రులారా, మన ఊళ్లలో కార్ట్ ట్రాకులు లేకపోవచ్చు. కాని హైదరాబాద్ - విజయవాడ రహదారి మన గుమ్మం ముందే ఉంది. దాని మీద మోటారు సైకిళ్లతో పందెం వేసే కుర్రవాళ్లూ ఉన్నారు. అక్కడ తూకం లేదు, జెండా లేదు, బరి లేదు. దారిన పోయే నిరపరాధి ప్రాణమే అక్కడ పణం. అది వీరత్వం కాదని బిడ్డకు చెప్పండి. బడి ఆటల్లోగాని, పరీక్షల్లోగాని అడ్డదారిన వచ్చిన బహుమతిని మెచ్చుకోకండి. న్యాయంగా ఓడి వచ్చిన బిడ్డను దగ్గరకు తీసుకోండి. ఒక సంపన్నుడు తన గెలుపును పక్కన పెట్టి అందరికీ సమానమైన బరిని సిద్ధం చేశాడు. మన ఇంట్లో ఆ పని చేయడానికి సంపద అక్కరలేదు.