చేతికందని దండం



సర్వీసులో ఉన్నన్నాళ్లు మనమందరం ప్రమోషన్ ఉత్తర్వు కోసం ఎదురుచూసినవాళ్లమే. అది వచ్చిన రోజున ఇంట్లో పాయసం, ఆఫీసులో మిఠాయిలు. కాని ప్రమోషన్ ఉత్తర్వునే మరణశాసనంగా అందుకున్న ఒక ఉద్యోగి చరిత్రలో ఉన్నారు. ఆయనే జర్మనీ ఫీల్డ్ మార్షల్ ఫ్రెడరిక్ పౌలస్.

సైన్యంలో ఫీల్డ్ మార్షల్ హోదాను మించినది లేదు. దానికి గుర్తుగా ఒక దండం ఇస్తారు. మన దేశంలో 1973 జనవరిలో నాటి రాష్ట్రపతి వి.వి. గిరి గారు మానెక్‌షా గారికి ఈ హోదాను ప్రదానం చేయడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. జర్మనీలో ఈ ఆచారం ప్రష్యా రాజుల కాలం నుంచీ ఉన్నదే. హిట్లర్ కాలంలో పదాతి సైన్యం వారి దండానికి ఎర్ర మఖమలు, విమానదళం వారి దండానికి నీలి మఖమలు తొడిగి, దానిపై బంగారు గద్ద బొమ్మలు, శిలువ గుర్తులు అమర్చేవారు. 1940 జూలై 19న హిట్లర్ ఒకే రోజున 12 మందిని ఫీల్డ్ మార్షళ్లుగా చేశాడు.

పౌలస్ 1890 సెప్టెంబరు 23న హెస్ ప్రాంతంలోని ఒక చిన్న ఊరిలో పుట్టారు. తండ్రి లెక్కలు రాసే చిన్న ఉద్యోగి. జమీందారీ వంశం కాదు. ఆయన పేరుకు ముందు గొప్ప వంశాల వారికి ఉండే 'ఫాన్' అనే మాటను కొందరు చేర్చి రాస్తారు గాని, అది సరికాదు. నౌకాదళంలో చేరాలని ప్రయత్నిస్తే తీసుకోలేదు. కొంతకాలం లా చదివి, 1910లో పదాతి దళంలో చేరారు. 1912లో రుమేనియా దేశపు గొప్ప కుటుంబానికి చెందిన ఎలీనాను వివాహమాడారు. వారికి ఒక కుమార్తె, కవల కుమారులు.

ఆయన యుద్ధభూమిలో కంటె బల్ల దగ్గర ఎక్కువ పేరు తెచ్చుకున్నారు. పటాలు, లెక్కలు, పథకాలు తయారుచేయడంలో దిట్ట. మనిషి శుభ్రం, మాట నెమ్మది, పై అధికారి మాట జవదాటని స్వభావం. 1940 సెప్టెంబరు నుంచి ప్రధాన సైనిక కార్యాలయంలో పెద్ద పదవిలో ఉండి, సోవియట్ రష్యాపై దాడి పథకం తయారీలో ముఖ్య పాత్ర వహించారు. అంతవరకు ఒక డివిజనుకైనా నాయకత్వం వహించని ఆయనకు 1942 జనవరిలో ఏకంగా 6వ సైన్యాన్ని అప్పగించారు.

ఆ ఏడాది ఆగస్టులో ఆ సైన్యం వోల్గా నది ఒడ్డున ఉన్న స్టాలిన్‌గ్రాడ్ చేరింది. అదే నేటి వోల్గోగ్రాడ్. నవంబరు 19న సోవియట్ సేనలు ఎదురుదాడి ప్రారంభించి నాలుగైదు రోజులలో చుట్టుముట్టేశాయి. రెండున్నర లక్షల మందికి పైగా లోపల చిక్కుకున్నారు. వెనక్కి వచ్చేస్తామని అనుమతి అడిగితే హిట్లర్ ఒప్పుకోలేదు. విమానాలలో రోజుకు 500 టన్నుల సరుకు పంపిస్తామని విమానదళాధిపతి గోరింగ్ హామీ ఇచ్చాడు. సగటున అందులో మూడో వంతు కూడా చేరలేదు. చలికి, ఆకలికి మనుషులు రాలిపోయారు. 1943 జనవరి 8న లొంగిపొమ్మని సోవియట్ వారు కబురు పెడితే, పై ఉత్తర్వు ప్రకారం పౌలస్ నిరాకరించారు.

జనవరి 30న హిట్లర్ అధికారానికి వచ్చి పదేళ్లయిన సందర్భం. ఆ రోజున పౌలస్‌ను ఫీల్డ్ మార్షల్‌గా చేస్తూ ఉత్తర్వు వెలువడింది. వైర్‌లెస్‌లో వార్త అందింది. అంతకు ముందు ఏ జర్మన్ ఫీల్డ్ మార్షలూ శత్రువుకు ప్రాణాలతో పట్టుబడలేదని చెప్పుకునేవారు. కనుక ఆ ప్రమోషన్‌కు అర్థం ఒక్కటే, ఆత్మహత్య చేసుకొమ్మని. ఆ ఒక్క ఉత్తర్వును మాత్రం పౌలస్ అమలు చేయలేదు. మర్నాడు ఉదయం ఒక పెద్ద దుకాణం నేలమాళిగలో పట్టుబడ్డారు. కాని నగరం ఉత్తర భాగంలో ఇంకా పోరాడుతున్న తన సైనికులకు లొంగిపొమ్మని చెప్పడానికి అప్పటికీ ఒప్పుకోలేదు. వారు ఫిబ్రవరి 2 దాకా పోరాడారు. బందీలైన సుమారు 91 వేల మందిలో తిరిగి ఇల్లు చేరినవారు ఐదారు వేలు మాత్రమే. ఎర్ర మఖమలు దండం ఏనాడూ ఆయన చేతికి అందలేదు.

అందినవారికి మాత్రం ఒరిగిందేమిటి? 1940 నాటి పన్నెండుగురిలో ఒకరైన విట్జ్‌లెబెన్, హిట్లర్‌పై కుట్రలో పాల్గొన్నందుకు 1944 ఆగస్టు 8న ఉరికంబమెక్కారు. రోమెల్ చేత అదే ఏడు అక్టోబరు 14న విషం తాగించారు. విమానదళపు మిల్ష్ 1945 మే నెలలో పట్టుబడినప్పుడు దండం చేతబట్టి దర్జాగా నిలబడ్డారు. బెల్సెన్ నిర్బంధ శిబిరంలోని ఘోరాలు చూసి వచ్చిన బ్రిటిష్ అధికారి ఒకరు ఆ దండమే లాక్కుని ఆయన నెత్తిన బాదాడు.

విట్జ్‌లెబెన్‌ను ఉరితీశాక పౌలస్ నోరు విప్పి, హిట్లర్‌కు ఎదురుతిరగమని రేడియోలో జర్మనులకు పిలుపునిచ్చారు. ఫలితంగా జర్మనీలో ఆయన కుటుంబాన్ని నిర్బంధించారు. భర్త పేరు వదులుకొమ్మంటే ఎలీనా ససేమిరా అన్నారు. అప్పటికే కవలలలో ఒకడు ఇటలీలో యుద్ధంలో చనిపోయాడు. 1946లో న్యూరెంబర్గ్ కోర్టులో పౌలస్ సాక్షిగా నిలబడి, రష్యాపై యుద్ధం ముందే పన్నిన దురాక్రమణ అని చెప్పారు. 1949లో ఎలీనా కన్నుమూశారు. 1942 తరువాత ఆ దంపతులు మళ్లీ కలుసుకోలేదు. 1953లో విడుదలైన పౌలస్ డ్రెస్డెన్‌లో ఉంటూ, 1957 ఫిబ్రవరి 1న మరణించారు. బాడెన్‌బాడెన్‌లో భార్య పక్కనే ఆయనకు చోటు దొరికింది.

ఉత్తర్వును అమలు చేయడం ఉద్యోగి ధర్మమని మనం నేర్చుకున్నాం, పిల్లలకూ చెప్పాం. అది సత్యమే. కాని ఉత్తర్వు వెనుక మనుషుల ప్రాణాలున్నప్పుడు, కాదనవలసిన సమయం కూడా ఒకటి ఉంటుంది. పౌలస్ తన ప్రాణం విషయంలో కాదనగలిగారు. అదే మాట రెండు నెలల ముందు తన సైనికుల కోసం అని ఉంటే, ఎన్ని వేల ఇళ్లలో దీపాలు ఆరకుండా ఉండేవో!