అచ్చుకాని తెలుగు బైబిలు – బెంజమిన్ షుల్జ్‌గారి జీవితము

చదువవలసిన భాగములు: యిర్మీయా 36, నెహెమ్యా 8:1–8, 2 తిమోతి 3:14–17



బైబిలు దైవావేశమువలన కలిగినదని మనము నమ్ముచున్నాము. అయితే మా గ్రామములలో కొందరు యౌవనస్థులు ఒక ప్రశ్న వేయుచుందురు. మన చేతిలోనున్నది తెలుగు బైబిలు గదా, దానిని తెలుగు చేసినవారు మనుష్యులు గదా, ఒక ముద్రణలో ఉన్న మాట మరియొక ముద్రణలో మారుచున్నది గదా, మరి ఇది దేవుని వాక్యమెట్లగునని అడుగుదురు. ఇది కొట్టివేయదగిన ప్రశ్న కాదు. మన రక్షణ యీ గ్రంథములోని వాగ్దానముమీద ఆధారపడియున్నది. ఆధారము కదలినయెడల దానిమీద నిలిచినవాడును కదలును. అందుచేత ఈ నెలలో, బైబిలంతటిని మొట్టమొదట తెలుగులోనికి మార్చిన బెంజమిన్ షుల్జ్‌గారి జీవితమును మీ యెదుట పెట్టుచున్నాము.

షుల్జ్‌గారు 1689వ సంవత్సరములో జర్మనీ దేశపు బ్రాండెన్‌బర్గు సీమలోని సోనెన్‌బర్గు అను ఊరిలో జన్మించిరి. హాల్లే పట్టణములో చదువుకొనిరి. ఆ పట్టణమునుగూర్చి కొంచెము చెప్పవలెను. అక్కడ ఫ్రాంకెగారు అనాథబాలుర గృహమును, పాఠశాలలను నడుపుచుండిరి. ప్రతి విశ్వాసి, అతడు రైతైనను పనివాడైనను, దేవుని వాక్యమును తన స్వంత కన్నులతో చదువవలెనని వారి బోధ. 1710లో కాన్‌స్టైన్ ప్రభువుగారు అదే పట్టణములో బైబిలు ముద్రణాలయమును స్థాపించి, బీదలు కొనగల వెలకు బైబిళ్లు అమ్మించిరి. ఇదంతయు ఎందుకు? పుస్తకము మనుష్యులదే యైతే పండితులు చదివి సారాంశము చెప్పిన చాలును. దేవుడే దానిలో మాటలాడుచున్నాడని నమ్మినవాడు మాత్రము, ఆ మాట కూలివాని గుడిసెకుకూడ చేరువరకు ఊరకుండలేడు. షుల్జ్‌గారు ఆ నమ్మకముతో పెరిగిరి.

1719లో వారు తరంగంబాడిలో ఓడ దిగిరి. అది అప్పుడు డేన్మార్కువారి రేవు. తమిళములో క్రొత్త నిబంధనను అచ్చువేయించిన సీగెన్‌బాల్గ్‌గారు ఆ సంవత్సరమే, వీరు రాకముందే, ప్రభువునందు నిద్రించిరి. మిగిలిన గ్రుండ్లర్‌గారు 1720లో మరణించిరి. క్రొత్తగా వచ్చిన షుల్జ్‌గారిమీద సంఘము, పాఠశాలలు, ముద్రణాలయము అన్నియు పడినవి. సీగెన్‌బాల్గ్‌గారి పాత నిబంధన రూతు గ్రంథమువద్ద ఆగిపోయియుండెను. షుల్జ్‌గారు అక్కడనుండి మొదలుపెట్టి ముగించిరి. 1728 నాటికి అది అచ్చయినది.

అంతలో వారు చెన్నపట్టణమునకు మారిరి. తరంగంబాడిలో తోటి మిషనరీలతో వారికి పొసగలేదు. షుల్జ్‌గారు కష్టజీవియే గాని మెత్తనివారు కారు. ఈ సంగతి దాచవలసిన పనిలేదు. పౌలు బర్నబాలుకూడ ఒకసారి వేరైపోయిరని అపొస్తలుల కార్యములలో లూకా దాచక వ్రాసెను గదా.

చెన్నపట్టణములో, ఇంగ్లండులోని క్రైస్తవ జ్ఞానాభివృద్ధి సంఘమువారి సహాయముతో వారు పని నడిపిరి. ఆ పట్టణపు వీధులలో తమిళముతోపాటు తెలుగుకూడ వినబడుచుండెను. ఈ తెలుగువారికి సువార్త యే భాషలో చెప్పుదునని వారు ఆలోచించి తెలుగు నేర్చుకొనిరి. వ్యాకరణము వ్రాసిరి. తరువాత గ్రీకు క్రొత్త నిబంధనను, హెబ్రీ పాత నిబంధనను తెలుగు చేయ పూనుకొనిరి. 1732 నాటికి బైబిలంతయు తెలుగులోనికి వచ్చెను. ఆనాటికి తెలుగులో అచ్చుపుస్తకము ఒక్కటియు లేదు. క్రైస్తవ మాటలు చెప్పుటకు అలవాటుపడిన తెలుగు పదములును లేవు. కృప, పశ్చాత్తాపము, పరిశుద్ధాత్మ అని మనము నేడు తడుముకొనకుండ పలుకుచున్నాము. అట్టి మాటలను ఏర్పరచుటకు ఒక పరదేశి ఎంత కాలము తడుముకొనియుండునో ఆలోచించుడి.

వారి తెలుగు పండితుల తెలుగు కాదు. వీధిలో వినిన తెలుగు. అందులో తప్పులు కలవు. వారి తమిళమునుకూడ తమిళులు మెచ్చుకొనలేదు. తరువాత వచ్చిన ఫబ్రీషియస్‌గారు తమిళ బైబిలును మరల శ్రమపడి సవరించి వ్రాయవలసివచ్చెను. ఇదిగో, మన యౌవనస్థుల ప్రశ్న ఇక్కడనే నిలుచుచున్నది. తప్పులుగల అనువాదములో దేవుని మాట ఉండునా?

పౌలు తిమోతికి వ్రాసిన సంగతి చూడుడి. తిమోతి చిన్ననాటినుండి ఎరిగిన లేఖనములు అతనికి రక్షణార్థమైన జ్ఞానము కలుగజేయగలవని అపొస్తలుడు చెప్పుచున్నాడు. తిమోతి తండ్రి గ్రీసుదేశస్థుడు. ఆనాడు గ్రీకు మాటలాడు యూదులలో విరివిగా చదువబడినది, హెబ్రీనుండి గ్రీకులోనికి మార్చబడిన పాత నిబంధన. ఆ అనువాదములో కొన్నిచోట్ల మాటలు హెబ్రీతో సరిపోవు. అయినను క్రొత్త నిబంధన రచయితలు దానినుండి అనేక పర్యాయములు వాక్యములు తీసికొని, దేవుడు చెప్పెనని, పరిశుద్ధాత్మ చెప్పెనని వ్రాసిరి. నెహెమ్యా దినములలో లేవీయులు ధర్మశాస్త్రమును చదివి అర్థము చెప్పినప్పుడు జనులు ఏడ్చిరి. అర్థము చెప్పినవారు ప్రవక్తలు కారు. వాక్యము మాత్రము దేవునిది.

ఆవేశము ప్రవక్తలకును అపొస్తలులకును ఇయ్యబడినది. అనువాదకునికి ఇయ్యబడినది శ్రమ. అతని పని సవరింపదగినది, అతడు ఎత్తుకొని తెచ్చినది సవరింపదగినది కాదు. కాలువ గట్టు వంకరగా ఉన్నంతమాత్రమున కృష్ణానీరు మారిపోవునా? గట్టును బాగుచేయవలసినదే, నీరు పారవలసినదే. అందుచేతనే సంఘము అనువాదములను సవరించుచు వచ్చినది. మూలము దేవునిదని నమ్మినందుననే సవరించుచున్నది. మూలము మనుష్యుల ఊహయే యైనయెడల, ఒక మాట సరిగా వచ్చినదో లేదో యని ఎవడు దీపము పెట్టుకొని కూర్చుండును?

మరణశయ్యమీదనున్న విశ్వాసియొద్దకు కాపరి వెళ్లి, క్రీస్తు రక్తమువలన పాపక్షమాపణ కలదని చదువును. ఆ మాట దేవుడు పలికినదైతే అది ఆ ప్రాణమునకు చాలును. మంచివారెవరో అట్లు తలంచి వ్రాసిరనినయెడల, కాపరికి అక్కడ పనియేమి? మన ప్రభువే అరణ్యములో శోధింపబడినప్పుడు మూడు మారులును వ్రాయబడిన వాక్యమునే ఎదురుగా నిలిపెను. కుమారుడే ఆనుకొనిన ఆధారమును మనము తక్కువచేయలేము.

షుల్జ్‌గారు 1743లో ఆరోగ్యము చెడి స్వదేశమునకు వెళ్లిరి. హాల్లేలో తెలుగు అక్షరములు పోతపోయించి, 1746, 1747 సంవత్సరములలో కొన్ని చిన్న పుస్తకములు అచ్చువేయించిరి. వానిలో జ్ఞానోపదేశము ఒకటి, మోక్షమునకు తీసికొనిపోవు మార్గమునుగూర్చినది ఒకటి. తెలుగు అచ్చుపుస్తకముల చరిత్ర వ్రాయువారు, క్రైస్తవులు కానివారుకూడ, ఈ పుస్తకములతోనే ప్రారంభింతురు. కాని అన్నిటికంటె ఎక్కువ శ్రమపడి చేసిన తెలుగు బైబిలు మాత్రము అచ్చు కాలేదు. అక్షరములున్నవి, ముద్రణాలయమున్నది, వ్రాసినవారు సజీవులై యున్నారు. అయినను ఆ వ్రాతప్రతి వ్రాతప్రతిగానే నిలిచిపోయెను.

యెహోయాకీము రాజు యిర్మీయా గ్రంథపుచుట్టను కోసి నిప్పులలో వేసినప్పుడు దేవుడు మరియొక చుట్ట వ్రాయించెను. ఇక్కడ ఎవరును కాల్చలేదు. ఊరకనే ప్రక్కన ఉంచబడెను. మాకైతే ఇదియే ఎక్కువ బాధాకరముగా తోచుచున్నది. మన యిండ్లలో గుడ్డచుట్టి పెట్టెలో దాచిన బైబిళ్లుకూడ ఆలాగుననే ఉన్నవి గదా! అచ్చు కాని బైబిలుకు వంద సంవత్సరముల దుఃఖము, అచ్చైన బైబిలుకు తాళము. హైదరాబాదు మధురానగర్‌లో మెట్రోరైలు ఎక్కు మన పిల్లల చేతిఫోనులో నేడు తెలుగు బైబిలంతయు ఉండగలదు. తెరచుట తెరవకపోవుట వారి వ్రేలి పని.

హాల్లేలో షుల్జ్‌గారు ఖాళీగా కూర్చుండలేదు. భారతదేశమునకు రాబోవు యౌవనస్థులకు తమిళము నేర్పిరి. వారియొద్ద నేర్చుకొనినవారిలో ష్వార్ట్జ్‌గారు ఒకరు. 1750లో బయలుదేరి వచ్చి, తిరుచిరాపల్లిలోను తంజావూరులోను దీర్ఘకాలము సేవచేసిరి. షుల్జ్‌గారు 1760 నవంబరు 25న హాల్లేలో మరణించిరి.

1805లో లండను మిషనువారు పంపగా క్రాన్‌గారును డేగ్రాంజెస్‌గారును విశాఖపట్టణమునకు వచ్చిరి. తెలుగు నేర్చుకొని, ఆనందరాయరు అను బ్రాహ్మణ క్రైస్తవుని సహాయముతో సువార్తలను తెలుగు చేయసాగిరి. క్రాన్‌గారు 1809లోను డేగ్రాంజెస్‌గారు 1810లోను చనిపోయిరి. వారు ముగించిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు తరువాత శ్రీరాంపూరులో అచ్చయినవి. 1818లో అక్కడనే తెలుగు క్రొత్త నిబంధన అచ్చయి బయటికి వచ్చినది. షుల్జ్‌గారు హాల్లేలో మరణించి అప్పటికి 58 సంవత్సరములు.