బొగ్గు గనిలో సమాన కూలి: అంబేద్కర్ జీవితంలో ఒక అధ్యాయం

బిలాస్‌పూర్ జంక్షన్ గుండా రేయింబవళ్లు సాగే బొగ్గు రైళ్లు ఆ పట్టణవాసులకు కొత్త కాదు. నాగపూర్ నుంచి అసన్సోల్ వరకు బెంగాల్-నాగపూర్ రైల్వే ప్రధాన మార్గం 1891లో పూర్తయింది. దానితోపాటే బిలాస్‌పూర్ రైల్వే పట్టణంగా ఎదిగింది. కొలువుల కోసం ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన కుటుంబాలు తరతరాలుగా అక్కడే స్థిరపడ్డాయి. అదే 1891లో, ఏప్రిల్ 14న, మధ్య భారతంలోని మహూ కంటోన్మెంటులో సుబేదారు రామ్‌జీ సక్పాల్, భీమాబాయి దంపతుల పద్నాలుగో సంతానంగా భీమ్‌రావ్ అంబేద్కర్ జన్మించారు. రాజ్యాంగ ముసాయిదా సంఘం అధ్యక్షుడిగా ఆయనను ఎరుగనివారు లేరు. అంతకు నాలుగేళ్ల ముందే, బొగ్గు గనిలో దిగే స్త్రీకి పురుషుడితో సమానంగా కూలి చెల్లించాలన్న నిబంధన ఆయన ఆధ్వర్యంలోనే వచ్చిందన్న విషయం మాత్రం అంతగా ప్రచారంలో లేదు.

కొలంబియా, లండన్ విశ్వవిద్యాలయాలలో అర్థశాస్త్రం అభ్యసించి వచ్చిన అంబేద్కర్‌కు వేతన వ్యత్యాసం పుస్తకాలలో చదివిన విషయం మాత్రమే కాదు. బొంబాయి బట్టల మిల్లులలో ఎక్కువ వేతనం లభించేది నేత విభాగంలో. కండె అయిపోయినప్పుడు కొత్త దారాన్ని నాడె రంధ్రం గుండా నోటితో పీల్చి లాగవలసి ఉండేది. అంటరానివారుగా ముద్రపడినవారు నోటితో తాకిన నాడెను తాము ముట్టబోమని ఇతర కార్మికులు అడ్డుచెప్పడంతో, దళితులకు ఆ విభాగం తలుపులే తెరుచుకోలేదు. 1928 నాటి మిల్లు సమ్మె సందర్భంలో అంబేద్కర్ ఈ అన్యాయాన్ని కార్మిక నాయకుల ముందు నిలదీశారు. పదేళ్ల తరువాత, 1938 ఫిబ్రవరిలో, మన్మాడ్‌లో జరిగిన జి.ఐ.పి. రైల్వే దళిత కార్మికుల మహాసభలో మరో ఉదాహరణ వివరించారు. రైలు పట్టాల మీద గ్యాంగ్‌మన్‌గా చేరిన దళితుడు జీవితాంతం గ్యాంగ్‌మన్‌గానే మిగిలిపోతున్నాడు. స్టేషన్‌లో పోర్టరుగానైనా నియమించరు. కారణం, పోర్టరు చేత స్టేషన్ మాస్టరు ఇంటి పనులు కూడా చేయించుకునేవారు. రైల్వే కాలనీలలో పెరిగినవారికి ఈ ఉదాహరణను వేరుగా వివరించనక్కరలేదు. ఒకే పనికి రెండు రకాల కూలి ఇవ్వడం బయటికి కనిపించే అన్యాయం. మంచి కూలి దొరికే పనిలోకి అడుగే పెట్టనీయకపోవడం అంతకన్నా లోతైనది. అంబేద్కర్ ఆలోచనలో ఈ రెండూ ఒకే ప్రశ్నకు రెండు ముఖాలు.

స్త్రీ కార్మికుల విషయంలోనూ ఆయన ఇదే దృష్టితో చూశారు. 1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి ప్రయోజనాల బిల్లుకు మద్దతు పలికారు. స్త్రీ శ్రమ వల్ల లాభం పొందే యజమాని ఆమె కాన్పు కాలపు భారాన్ని కొంతైనా మోయాలన్నది ఆయన వాదన. మరుసటి సంవత్సరం ఆ బిల్లు చట్టమైంది.

1942 జులైలో వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ ఆయనకు అప్పగించారు. రెండో ప్రపంచ యుద్ధం ముమ్మరంగా సాగుతున్న రోజులవి. రైళ్లకు, కర్మాగారాలకు బొగ్గు చాలడం లేదు. సైనిక నిర్మాణ పనులలో మెరుగైన కూలి దొరుకుతుండటంతో గని కార్మికులు అటు తరలిపోయారు. అప్పటికి భూగర్భ గనులలో స్త్రీలు పనిచేయడం నిషిద్ధం. 1929 నుంచి క్రమంగా వారిని తగ్గిస్తూ వచ్చిన ప్రభుత్వం 1937లో పూర్తిగా తొలగించింది. అంతకుముందు బొగ్గు కొట్టేది మగవాడైతే, తట్టలకెత్తి టబ్బులు నింపేది స్త్రీ. నిషేధం ఆమెను ప్రమాదం నుంచి తప్పించింది. దానితోపాటు ఆమె కూలి కూడా పోయింది. ఆ నష్టానికి బదులుగా ఆమెకు ఏమి దొరికిందని అడిగినవారు తక్కువ.

1943లో ప్రభుత్వం ఆ నిషేధాన్ని తాత్కాలికంగా ఎత్తివేసింది. మొదట సెంట్రల్ ప్రావిన్సెస్‌లో, అంటే నేటి బిలాస్‌పూర్ కూడా నాడు అంతర్భాగమైన రాష్ట్రంలో, తరువాత బెంగాల్, బీహార్, ఒరిస్సాలలో ఇది అమలైంది. మహిళా సంఘాలు తీవ్రంగా నిరసించాయి. 1944 ఫిబ్రవరిలో కేంద్ర శాసనసభలో దీనిపై చర్చ జరిగింది. మహిళా సంఘాల ప్రతినిధిగా సభలో ఉన్న రేణుకా రే ఆ నిర్ణయాన్ని వ్యతిరేకించారు. మగవారికి కూలి పెంచితే వారే గనులకు తిరిగివస్తారని, ఆ ఖర్చు తప్పించుకునేందుకే స్త్రీలను దించుతున్నారని విమర్శకులు వాదించారు. ఇది తేలిగ్గా తోసిపుచ్చదగిన వాదన కాదు. అంబేద్కర్ దీనిని యుద్ధకాలపు అనివార్యతగానే సమర్థించారు. ఎత్తు తక్కువగా ఉన్న సొరంగాలలో స్త్రీలను నియమించరాదన్న షరతు ఉందని గుర్తుచేశారు. వాటితోపాటు, స్త్రీపురుష భేదం లేకుండా సమాన పనికి సమాన వేతనం అన్న సూత్రం ఈ ఉత్తర్వుతోనే మొదటిసారిగా పరిశ్రమలో నెలకొన్నదని సభకు తెలియజేశారు.

ఈ నిర్ణయాన్ని పూర్తిగా మెచ్చుకోవడం కష్టం. ఒక గొప్ప సూత్రం మొదట అడుగుపెట్టింది వెలుతురు లేని, పైకప్పు ఎప్పుడు కూలుతుందో తెలియని చోట. పైగా కూలిని టబ్బుల చొప్పున, తరచు భార్యాభర్తలకు కలిపి లెక్కకట్టేవారు. అటువంటి చోట స్త్రీ వాటా ఎంతో తేల్చడం కాగితం మీద నిబంధన రాసినంత సులువు కాదు. అయినా, స్త్రీ కూలిని మగవాడి సంపాదనకు తోడుగా వచ్చే చిల్లరగా లెక్కించే కాలంలో, ఆమె పనికి సమాన ధర కట్టాలని ప్రభుత్వమే షరతు పెట్టడం చిన్న విషయం కాదు.

యుద్ధం ముగిశాక, 1946 ఫిబ్రవరిలో నిషేధం మళ్లీ అమలులోకి వచ్చింది. స్త్రీలు గని నుంచి పైకి వచ్చేశారు. సూత్రం మాత్రం రాజ్యాంగంలో చేరింది. 39వ అధికరణంలోని (డి) ఖండం, స్త్రీపురుషులిద్దరికీ సమాన పనికి సమాన వేతనం లభించేలా రాజ్యం తన విధానాన్ని రూపొందించుకోవాలని నిర్దేశిస్తుంది. అయితే అది ఆదేశిక సూత్రాలలో ఒకటి. దాని ఆధారంగా నేరుగా కోర్టుకు వెళ్లే వీలు లేదు. హిందూ స్మృతి బిల్లు నిలిచిపోవడం ప్రధాన కారణంగా 1951 సెప్టెంబరులో మంత్రి పదవికి రాజీనామా చేసిన అంబేద్కర్, 1956 డిసెంబరు 6న ఢిల్లీలో కన్నుమూశారు.

సమాన వేతనంపై అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన 100వ ఒప్పందాన్ని భారత్ 1958లో ఆమోదించింది. సమాన వేతన చట్టం కోసం 1976 వరకు ఆగవలసి వచ్చింది. 39వ అధికరణానికి న్యాయస్థానంలో బలం చేకూర్చిన 1982 నాటి రణధీర్ సింగ్ కేసులో తీర్పు రాసినది తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. ఆ కేసు వేసినది మాత్రం ఒక పురుషుడు, ఢిల్లీ పోలీసు శాఖలోని డ్రైవరు.

గనుల విషయానికొస్తే, 1952 నాటి గనుల చట్టం భూగర్భంలో స్త్రీల నియామకాన్ని నిషేధించింది. ఛత్తీస్‌గఢ్ బొగ్గు గనులను నిర్వహించే సౌత్ ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ ప్రధాన కార్యాలయం ఇప్పుడు బిలాస్‌పూర్‌లోనే ఉంది. 2019 జనవరిలో కేంద్రం ఆ నిషేధాన్ని సడలించి, స్త్రీల లిఖితపూర్వక సమ్మతితో, ఉదయం 6 నుంచి రాత్రి 7 గంటల మధ్య వారిని భూగర్భ గనులలో నియమించేందుకు అనుమతించింది. ఆ అనుమతి సాంకేతిక, పర్యవేక్షక, నిర్వహణ ఉద్యోగాలకే పరిమితమైంది. తట్ట మోసిన స్త్రీలు చేసిన తరహా పనికి ఆ జాబితాలో చోటు దక్కలేదు.