శాసనమండలిలో జాషువ

కవులు పాలకుల కొలువులలో గౌరవస్థానం పొందడం తెలుగు సాహిత్యానికి కొత్త కాదు. నన్నయ రాజరాజనరేంద్రుని ఆస్థానంలో మన్ననలందుకొన్నాడు. శ్రీనాథుడు కొండవీటి రెడ్డిరాజుల వద్ద విద్యాధికారిగా ఉన్నాడు. అల్లసాని పెద్దన కాలికి శ్రీకృష్ణదేవరాయలు స్వహస్తాలతో గండపెండేరం తొడిగాడని ప్రసిద్ధి. రాచరికాలు అంతరించాయి. ఆస్థానాలతో పాటు ఆస్థానకవులూ కనుమరుగయ్యారు. అయినా మన రాజ్యాంగ నిర్మాతలు కవిని పూర్తిగా మరచిపోలేదు. రాష్ట్ర శాసనమండలి సభ్యులలో సుమారు ఆరోవంతు మందిని సాహిత్యం, విజ్ఞానం, కళలు, సహకారోద్యమం, సమాజసేవ వంటి రంగాల నుండి గవర్నరు నియమించే ఏర్పాటు చేశారు. ఎన్నికల రణరంగంలో దిగలేనివారి అనుభవం కూడా చట్టసభకు అందాలన్నది దీనిలోని ఉద్దేశం. ఆంధ్రప్రదేశ్ శాసనమండలి 1958లో ఏర్పడింది. 1964లో దానిలో సభ్యత్వం పొందినవాడు గుర్రం జాషువ.

అప్పటికి ఆయన వయస్సు డెబ్బైకి చేరువలో ఉంది. ఆ సభామందిరం వరకు ఆయన నడచిన దారి పొడవైనది, ముళ్లతో కూడినది.

జాషువ 1895 సెప్టెంబరు 28న వినుకొండలో జన్మించాడు. ఆనాటి గుంటూరు సీమలోని ఈ ఊరు నేడు పల్నాడు జిల్లాలో ఉన్నది. తల్లి లింగమ్మ, తండ్రి వీరయ్య. తండ్రి యాదవ కులస్థుడు, తల్లి మాదిగ కులానికి చెందినది. వారిది క్రైస్తవ కుటుంబం. వారి వివాహమే ఆ కాలానికి ఒక సాహసం. ఆ సాహసానికి మూల్యం కొడుకు చెల్లించవలసి వచ్చింది. లోకం ఆయనలో తండ్రి కులాన్ని చూడలేదు, తల్లి కులాన్నే చూసింది. మతం మారినా ఆ చూపు మారలేదు.

బాల్యంలోనే జాషువకు బొమ్మలు గీయడం, పాటలు పాడడం, పద్యాలు అల్లడం అలవడ్డాయి. సహాధ్యాయి దీపాల పిచ్చయ్యశాస్త్రి స్నేహం ఆయన కవితాసక్తికి ఊతమిచ్చింది. తిరుపతి వేంకట కవుల వలె తామిద్దరమూ జంటకవులం కావాలని వారు భావించినా ఆ కోరిక నెరవేరలేదు. జూపూడి హనుమచ్ఛాస్త్రి వద్ద ఆయన రఘువంశం, కుమారసంభవం, మేఘసందేశం చదువుకొన్నాడు. కులం పేరుతో తలుపులు మూసిన సమాజంలోనే తలుపు తెరచిన గురువులు, మిత్రులు కూడా ఉన్నారు. జాషువ జీవితాన్ని చదివేవారు ఈ రెండింటినీ గమనించాలి. ఆనాడు చదివిన మేఘసందేశం తరువాతి కాలంలో ఎటువంటి ఫలమిచ్చిందో ముందు తెలుస్తుంది.

1910లో మేరీతో ఆయన వివాహం జరిగింది. మిషన్ పాఠశాలలో ఉపాధ్యాయ వృత్తి లభించింది. జీతం నెలకు మూడు రూపాయలు. ఆ ఉద్యోగమూ నిలువలేదు. బ్రతుకుతెరువు వెదుకుతూ రాజమహేంద్రవరం చేరి, 1915, 1916 సంవత్సరాలలో మూకీ చిత్రాలకు వాచకుడిగా పనిచేశాడు. తెరమీద బొమ్మలు కదులుతుంటే పక్కన నిలిచి కథను, పాత్రల మాటలను బిగ్గరగా వినిపించడమే ఆ పని. మహాకవి కాదగిన వ్యక్తి గొంతును ఆనాటి ప్రేక్షకులు చీకటిలో విన్నారు, ముఖాన్ని చూడలేదు. తరువాత గుంటూరులో లూథరన్ చర్చి నడిపే ఉపాధ్యాయ శిక్షణాలయంలో పదేళ్లు పనిచేశాడు. 1928 నుండి 1942 వరకు అక్కడే ప్రభుత్వ పాఠశాలలో బోధించాడు. ఉభయభాషా ప్రవీణ పట్టం పొందాడు.

ఆయన పొందిన అవమానాలలో వినుకొండ అవధాన సభ ఉదంతం ప్రసిద్ధమైనది. యువకుడైన జాషువ ఆ సభలో పద్యాలు చదివాడు. తక్కువ కులం వానిని సభలోకి ఎందుకు రానిచ్చారని కొందరు గద్దించారు. పద్యంలో దోషముందని ఎవరూ అనలేదు. చదివినవాని పుట్టుకలో దోషం చూశారు. ఇది ఒక వైపు కథ. రెండవ వైపు కథ అంతకంటె విచిత్రమైనది. క్రైస్తవుడై ఉండి హిందూ పురాణాల వాసనగల కావ్యాలు వ్రాస్తున్నాడని క్రైస్తవ మతపెద్దలు ఆయనను తమ సమాజం నుండి వెలివేశారు. గుడి వారికి ఆయన అంటరానివాడు, చర్చి వారికి దారి తప్పినవాడు. ఈ రెండు గోడల నడుమ నిలిచి జాషువ తన కవిత్వాన్ని నిర్మించుకొన్నాడు.

1932లో వెలువడిన ‘ఫిరదౌసి’ కావ్యంలో పారశీక కవికి గజనీ మహమ్మదు చేసిన వాగ్దానభంగం ఇతివృత్తం. పద్యానికొక బంగారు నాణెమిస్తానన్న సుల్తాను చివరకు వెండి నాణేలు పంపుతాడు. పాలకుని అన్యాయాన్ని ఎదిరించే కవి హృదయం ఇందులో కనిపిస్తుంది. 1941లో వచ్చిన ‘గబ్బిలం’ ఆయన కీర్తికి పతాక వంటిది. కాళిదాసు యక్షుడు మేఘాన్ని దూతగా పంపాడు. జాషువ నాయకుడు యక్షుడు కాడు, ఆకలితో అలమటించే అరుంధతీ సుతుడు. మేఘం, హంస అతని మాట వినవు. అతని గుడిసెలోనికి వచ్చేది గబ్బిలమే. లోకం అపశకునమని ఈసడించే ఆ ప్రాణిని అతడు కాశీవిశ్వనాథుని వద్దకు దూతగా పంపుతాడు. మనిషికి ప్రవేశం లేని గర్భాలయంలో గబ్బిలానికి అడ్డు లేదు కదా! సందేశకావ్య లక్షణాలన్నీ పాటిస్తూనే ఆ ప్రక్రియను జాషువ తలక్రిందులు చేశాడు. ప్రేయసికి పంపే విరహసందేశం ఇక్కడ దేవునికి పంపే ఫిర్యాదు అయింది.

ఈ ఫిర్యాదుకు ఓరుగల్లు సీమలో ఒక పూర్వరంగం ఉంది. పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో మాదార చెన్నయ్య కథ చెప్పాడు. శివుడు ఆ భక్తుని ఇంట అంబలి ఆరగించాడు. పురాణంలో దేవుడే మాదిగ ఇంటికి వస్తే, ఏడు శతాబ్దాల తరువాత గబ్బిలంలో ఆ ఇంటివాడు దేవుని గుడికి పోలేకపోయాడు. ప్రాచీన కావ్యాలు చదివిన విద్యార్థికి ఈ భేదం ఆలోచన కలిగిస్తుంది.

చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి స్వయంగా వంగి జాషువ కాలికి గండపెండేరం తొడిగిన ఘట్టం తెలుగువారు మరువలేనిది. రాయలు పెద్దనకు చేసిన గౌరవాన్ని శతావధాని అయిన వృద్ధపండితుడు జాషువకు చేశాడు. కవికోకిల, నవయుగ కవిచక్రవర్తి, మధుర శ్రీనాథ వంటి బిరుదులు ఆయనను వరించాయి. ఇన్ని బిరుదులున్నా జీవనభారం తీరలేదు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో యుద్ధ ప్రచారకుడిగానూ, 1957 నుండి 1959 వరకు మద్రాసు ఆకాశవాణిలో కార్యక్రమ నిర్మాతగానూ పనిచేశాడు.

ఇక శాసనమండలి ప్రస్తావనకు రావాలి. జాషువ వంటివాడు ప్రజలెన్నుకొన్న శాసనసభ ద్వారా కాక మండలి ద్వారా చట్టసభలోనికి రావడం కేవలం యాదృచ్ఛికం కాదు. దీని వెనుక కొంత చరిత్ర ఉన్నది.

ఆంగ్లేయుల పాలనలో క్రైస్తవులకు ప్రత్యేక స్థానాలుండేవి. 1935 చట్టం ప్రకారం మద్రాసు శాసనసభలోని 215 స్థానాలలో 8 స్థానాలు భారతీయ క్రైస్తవులవి. నాటి ఆంధ్ర జిల్లాలన్నీ ఆ శాసనసభ పరిధిలోనివే. ఈ పద్ధతిని క్రైస్తవులందరూ సమర్థించలేదు. వరంగల్లుకు సమీపంలోని డోర్నకల్ కేంద్రంగా 1912 నుండి బిషప్పుగా ఉన్న వేదనాయకం శామ్యూల్ అజరయ్య మతం పేరుతో ఓటర్లను విడదీయడాన్ని వ్యతిరేకించాడు. ఆయన సంఘంలో అత్యధికులు మాల, మాదిగ కుటుంబాల నుండి వచ్చిన పేదలు. స్వాతంత్ర్యానంతరం 1949లో రాజ్యాంగ సభ మతాల వారీ రిజర్వేషన్లను వదలివేసింది. క్రైస్తవ ప్రతినిధులు కూడా ఇందుకు సమ్మతించారు. ఇది ఉదారమైన నిర్ణయమే.

కాని మరుసటి సంవత్సరం వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు మరొక తలుపు మూసింది. హిందూమతం కాక ఇతర మతాన్ని అవలంబించేవారు షెడ్యూల్డు కులాల వారు కారని 1950 ఉత్తర్వు నిర్దేశించింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలింపు లభించింది. క్రైస్తవులకు లభించలేదు. కళాశాల దరఖాస్తులలో వెనుకబడిన తరగతుల ‘సి’ వర్గంగా కనిపించేది క్రైస్తవం స్వీకరించిన ఈ దళిత కుటుంబాలే. చదువులో, ఉద్యోగాలలో వారికి ఆ మేరకు అవకాశం ఉన్నా, చట్టసభలలో షెడ్యూల్డు కులాల స్థానాలకు పోటీచేసే హక్కు లేదు. ఈ ఉత్తర్వును సవరించవలసిందిగా కేంద్రాన్ని కోరుతూ ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2009లోనూ, 2023లోనూ తీర్మానాలు చేసింది. క్రైస్తవుడన్న పేరుతో ఒక స్థానం లేదు, దళితుడన్న పేరుతో మరొక స్థానం లేదు. గుడికీ చర్చికీ నడుమ నిలిచిన కవి స్థితే చట్టంలో ఒక సమూహమంతటికీ ఏర్పడిందన్నమాట.

మిగిలిన ద్వారం సాహిత్యం. జాషువ ఆ ద్వారం గుండా ప్రవేశించాడు. ఆయన మంత్రి పదవిని చేపట్టలేదు, పార్టీ రాజకీయాలను నడపలేదు. అయితే అంతకు రెండేళ్ల ముందు వరకు దామోదరం సంజీవయ్య ముఖ్యమంత్రిగా ఉన్న రాష్ట్రమది. దేశంలో ఆ పదవి చేపట్టిన తొలి దళితుడాయన. సభాప్రవేశమే నిషిద్ధమైన కులాల వారు ప్రభుత్వ సభలలో ఆసీనులవుతున్న కాలమది. వినుకొండ అవధాన సభలో పద్యం చదివినందుకు నిందలు పడ్డ జాషువను రాష్ట్ర చట్టసభ పద్యం చెప్పగలవాడని పిలిచింది. ఈ రెండు సభల నడుమ దాదాపు అర్ధశతాబ్ది గడిచింది.

అదే 1964లో ‘క్రీస్తుచరిత్ర’ కావ్యానికి కేంద్ర సాహిత్య అకాడమి పురస్కారం లభించింది. తనను వెలివేసిన సమాజం ఆరాధించే క్రీస్తును జాషువ విడిచిపెట్టలేదు. పీడితుల పక్షాన నిలిచి, అధికారుల చేతిలో శిక్షపొందిన క్రీస్తు ఆయనకు దగ్గరివాడు. బుద్ధుని, గాంధీని, ముంతాజును కీర్తించిన కలమే క్రీస్తును కూడా కీర్తించింది. ఏ ఒక్క మతానికీ పూర్తిగా లొంగని ఆ స్వభావం కొందరికి నాస్తికత్వంగా తోచింది. ఆయన ధిక్కరించినది దేవుని కంటె దేవుని పేరుతో గోడలు కట్టినవారినే అనడం సమంజసం.

ఆయన మండలి సభ్యుడుగా ఉన్న కాలంలోనే 1966లో తెలుగును అధికారభాషగా చేసే చట్టం వచ్చింది. అదే సంవత్సరం ఆయన ‘నాగార్జునసాగరం’ కావ్యాన్ని వెలువరించాడు. 1955లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ ఆనకట్ట నుండి 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదిలారు. వాన కోసం ఎదురుచూసే పల్నాటి మెట్టభూములలో పుట్టిన కవికి ఈ నిర్మాణం కేవలం కావ్యవస్తువు కాదు, తన ఊరి దాహానికి సంబంధించిన విషయం. తన జీవితాన్ని ‘నా కథ’ పేరుతో పద్యాలలోనే చెప్పుకొన్నది కూడా ఈ కాలంలోనే.

1970లో భారత ప్రభుత్వం ఆయనను పద్మభూషణ్ పురస్కారంతో, ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ బిరుదుతో సత్కరించాయి. 1971 జూలై 24న గుంటూరులో జాషువ కన్నుమూశాడు. ఆయన సభ్యుడుగా ఉన్న శాసనమండలి 1985లో రద్దయి, 2007లో మరల ఏర్పడింది.

జాషువ కుమార్తె హేమలత. 1960లో ఆమె వివాహం ప్రముఖ నాస్తికవాది గోరా కుమారుడు లవణంతో జరిగింది. మత కుల భేదాలను పద్యాలలో ఖండించిన తండ్రి ఇంటి పెళ్లిలోనూ ఆ మాటకు కట్టుబడ్డాడు. ఆమె స్టూవర్టుపురంలో నేరస్థులన్న ముద్రపడిన కుటుంబాల సంస్కరణకు కృషి చేసింది. నిజామాబాదు జిల్లా పల్లెలలో దళిత బాలికలను దేవుని పేరుతో బలిచేసే జోగిని ఆచారాన్ని ఎదుర్కొన్నది. ఆ ఆచారాన్ని నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1988లో చట్టం చేసింది.